ఒంగోలు మూడు నియమాలు

ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో బాప్తిస్మం అడిగిన ప్రతి ఒక్కరూ ముందు ఒప్పుకోవలసినవి ఈ మూడు. క్రీస్తును నమ్మామని చెప్పడం ఒక్క పూటతో అయ్యే పని. ఈ మూడూ పాటించాలంటే మాత్రం ఊరితో తరతరాలుగా ఉన్న లెక్కలన్నీ తిరగరాయవలసి వచ్చేది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచింది. శామ్యూల్ డే, తరవాత లైమన్ జ్యుయెట్ ఏళ్ల తరబడి బోధించినా సంఘంలో చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. పటం మీద తెలుగు దేశంలో వారికి ఉన్నది ఒకే ఒక్క చుక్క. దాన్ని బట్టే ‘లోన్ స్టార్’ అన్న పేరు నిలిచిపోయింది. 1854 జనవరి 1న జ్యుయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండకు ఈనాటికీ ప్రార్థన కొండ అనే పేరు. ఆ ప్రార్థనలో అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది.

ఈ కథకు ఆరంభం క్లౌ దగ్గర కంటే ఎర్రగుంట్ల పేరయ్య దగ్గర ఉందనడం న్యాయం. ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు వాడైన పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. గురువుల దగ్గర రాజయోగం నేర్చి, తన చుట్టూ శిష్యులను కూడా పోగుచేసుకున్నాడు. వ్యాపారానికి ఉత్తర దిక్కుగా వెళ్లినప్పుడు ఏలూరు వైపు క్రైస్తవ బోధ చెవిన పడింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు దగ్గర డేరాలు వేసేనాటికి పేరయ్య పరిసర పల్లెలన్నిటా చెప్పి ఉంచాడు. కొద్ది రోజుల బోధ ముగిసేసరికి 28 మంది నీళ్లలో దిగారు. గురువు, శిష్యుడు, నియమం, నిష్ఠ అనే చట్రం ఈ పల్లెలకు కొత్త కాదు. మూడు నియమాలు అంత సులువుగా అందడానికి అదీ ఒక కారణమే.

మాదిగలు చేరుతున్నారని తెలియగానే ఒంగోలులో పెద్ద కులాలవారు క్లౌ ముందు తెగేసి చెప్పారు: వాళ్లను చేర్చుకుంటే తాము రాము. మిషన్ బడిలో చదువుతున్న ఆ కులాల పిల్లలూ మానుకున్నారు. ఆ సంకటంలో క్లౌ తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటబడింది. దేవుడు ఘనులను కాక లోకం తృణీకరించినవారినే ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన భాగమది. అదే సమయంలో మరో గదిలో ఉన్న భార్య హారియెట్ కూడా సరిగ్గా అదే భాగం తెరిచిందని క్లౌ తరవాత చెప్పుకున్నాడు. దైవ నిర్ణయమన్నా, యాదృచ్ఛికమన్నా ఆ తరవాత ఒంగోలు మిషన్ దారి మారలేదు.

ఇక నియమాల సంగతి. చచ్చిన గొడ్డును ఊళ్లోంచి ఈడ్చుకుపోవడం మాదిగల వంతు. దాని తోలుతో రైతుకు చెప్పులు, మోటకు తోలు బాన కుట్టివ్వాలి. అందుకు ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర గింజలు. గొడ్డు మాంసం కూడా ఆ లెక్కలో భాగమే, కరువు రోజుల్లో అదే తిండి. దాన్ని తినబోమని చెప్పడమంటే ఆ లెక్కలో ఒక పద్దు కొట్టేయడం. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం దానంతట అది చచ్చినదాన్ని తినవద్దంటుంది. అయితే అదే వచనం దాన్ని ఊళ్లో ఉన్న పరదేశికి ఇవ్వవచ్చనీ అంటుంది. ఒంగోలు ఊళ్లలో ఆ పరదేశి స్థానంలో ఉన్నది మాదిగలే. ఆ స్థానం మాకొద్దని వాళ్లు అన్నారు. భోజన విషయాల్లో మోషే ధర్మశాస్త్రానికి కట్టుబడి లేమనే బాప్టిస్టులు ఈ ఒక్క నిషేధాన్ని అంత గట్టిగా పట్టుకోవడంలో వేదాంతం కన్నా లోకజ్ఞానమే ఎక్కువ కనిపిస్తుంది.

విగ్రహారాధన మానడంలో గుడికి పోకపోవడం చిన్న విషయం, గుళ్లోకి వారికి ప్రవేశమే లేదు. అసలు చిక్కు డప్పు దగ్గర వచ్చింది. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టడం మాదిగల విధి. విశ్వాసి కొట్టనంటే జాతర ఆగుతుంది, ఊరికి అరిష్టమన్న భయం మొదలవుతుంది. ఆదివారం సంగతి ఇంకా సూటి. నాట్లు, కోతల వేళ పిలిస్తే రాని కూలిని ఏ ఆసామీ భరించడు. కరణం, మునసబు ఆసాముల పక్షాన నిలిచేవారు. నీళ్లకు పోనివ్వకపోవడం, పని ఇవ్వకపోవడం, దొంగతనం కేసులు బనాయించడం మామూలయ్యాయి. మూడు నియమాలూ ‘చేయకూడదు’ అనేవే అయినా, వాటిని పాటించడానికి కావలసిన తెగువ చిన్నది కాదు.

1876–78 కరువు ఈ విశ్వాసాన్ని మరో రకంగా పరీక్షించింది. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం సాగుతుంటే, యువకుడిగా అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇతర పనిచోట్ల మేస్త్రీల చేతిలో మాదిగ కూలీలు పడే పాట్లు తప్పించడానికి బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేల మంది తట్టలు మోశారు. కూలీలు అలుపు తీర్చుకునేవేళ బోధకులు పదేపదే ఎత్తుకున్నది మత్తయి 11వ అధ్యాయం 28వ వచనం, ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు తన దగ్గరకు పిలిచిన మాట. మట్టితట్ట నెత్తిన పెట్టుకున్నవాడికి ఆ వచనాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అయినా ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. 1878లో సహాయ నిధి అయిపోయాక, బాప్తిస్మం కోసం వచ్చినవారిని, ఇక పంచడానికి డబ్బు లేదని చెప్పి పంపేయబోయాడు. డబ్బు అడగడం లేదని, మళ్లీ పంట పోయి చచ్చినా క్రైస్తవులుగా చావాలనుందని జనం జవాబిచ్చారు. ఒంగోలుకు పది మైళ్ల దూరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ నీళ్లలో దిగలేదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఒకసారికి ఇద్దరి చొప్పున, వంతుల మీద ఆ పని నడిపించారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606. మరికొన్నేళ్లకు ఒంగోలు సంఘం 20,000 దాటి ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘంగా పేరుపొందింది. 1883లో దాన్ని విభజించక తప్పలేదు.

ఇంతమందికి బోధ అందిందా అన్న ప్రశ్న మిషనరీల్లోనే లేచింది. రామాయపట్నం వేదాంత పాఠశాల, పల్లె బడులు కొంతమేరకు దానికి సమాధానం. కొద్ది వారాల్లో వేల మందికి వేదాంతం ఎక్కదన్న విమర్శ సబబే. కాని డప్పు వదిలేసి, మేర గింజలు పోగొట్టుకుని నిలిచినవాడి విశ్వాసాన్ని ప్రశ్నోత్తరాలతో కొలవడం తప్పు కొలత.

క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఈ నియమాల కథను ఆయన మాటల్లోనే చెప్పే ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ను ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1914లో వెలువరించింది. మతం మారినా కులం ముద్ర పోలేదు. షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే అని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసినా క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాదిగ క్రైస్తవుల సంతతి నేటికీ బి.సి.–సి జాబితాలో, 1 శాతం రిజర్వేషన్ కింద ఉంది.