రాని తెగులు, నిలిచిన తోట

మన పెద్దలు మలయాకు ఎందుకు వచ్చారని ఎవరైనా అడిగితే కరవనీ, అప్పులనీ, కంగాణి చెప్పిన తీపి మాటలనీ చెబుతాం. అవన్నీ నిజమే. కాని ఇంకొక కారణం ఉన్నది. దానిని మన తాతలు ఎన్నడూ కంటితో చూడలేదు, పేరు కూడా వినలేదు. అది ఒక బూజు. ఆ బూజు ఈ దేశానికి రాకపోవడం వల్లనే ఇక్కడ రబ్బరు నిలిచింది. రబ్బరు నిలిచింది కనుకనే మనవారికి పని దొరికింది.

రబ్బరు చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు తపజోస్ నది ప్రాంతంలో సుమారు 70,000 గింజలు సేకరించి లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి 2,700కు అటూ ఇటూ. చాలా మొక్కలు సిలోనుకు పోయాయి. 1877లో 22 మొక్కలు సింగపూరుకు వచ్చాయి. వాటిలో కొన్నిటిని సర్ హ్యూ లో పేరాక్‌లోని కువాలా కంగ్సార్‌లో నాటించాడు. మన లోయర్ పేరాక్ తెలుగువారు ఆ ఊరికి పోయినపుడు ఆ కాలపు చెట్టును చూసే ఉంటారు.

అప్పటికి సిలోనులో ఏమి జరుగుతున్నదో కూడా తెలుసుకోవాలి. అక్కడ కొండల నిండా కాఫీ తోటలే. 1869లో ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపించింది. అదే తుప్పు తెగులు. దొరలు మొదట లెక్కచేయలేదు. 1880లో మార్షల్ వార్డ్ అనే శాస్త్రజ్ఞుడు వచ్చి రెండేళ్ళు పరిశోధించాడు. ఆ పొడిలోని సిద్ధబీజాలు గాలిలో ఎగిరి పోతాయనీ, తడి ఆకుపై మొలకెత్తి లోపలికి దూరుతాయనీ, మైళ్ళ తరబడి ఒకే పంట ఉంటే దానికి అడ్డే ఉండదనీ తేల్చి చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. కాఫీ పోయి తేయాకు వచ్చింది. ఆ తోటల్లో పనిచేసిన తమిళ కూలీల బ్రతుకులు ఎంత తలక్రిందులయ్యాయో వేరే వ్రాయాలి.

మలయాలోనూ 1890లలో కాఫీ తోటలుండేవి. ధర పడిపోగానే దొరలు రబ్బరు వైపు తిరిగారు. సింగపూరు తోట అధికారి రిడ్లీ చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతిని నేర్పాడు. మోటారు బండ్లు వచ్చాయి, చక్రాలకు రబ్బరు కావలసి వచ్చింది. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుండి మనవారు ఓడలెక్కారు. పెనాంగు దగ్గరి జెరెజాక్ దీవిలో ఆపి, మశూచి, కలరా లేవని చూసుకొని గాని వారిని తోటలకు పంపేవారు కాదు. మనుషులకు ఇంత కట్టుదిట్టం. రబ్బరు మొక్కకు మాత్రం అదృష్టమే కాపలా కాసింది. ఎలాగంటే, అమెజాన్ తెగులు బ్రతకాలంటే పచ్చి ఆకు కావాలి. విక్‌హామ్ తెచ్చినవి ఆకులు కావు, గింజలు. తెగులు పుట్టింటిలోనే ఉండిపోయింది.

ఆ తెగులు పని తీరు ఇది. రెండు వారాలు నిండని లేత ఆకునే పట్టుతుంది. ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉంటే చాలు, బీజం మొలిచి లోపలికి పోతుంది. ఆకు ముడుచుకొని నల్లబడి రాలుతుంది. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ రాలుతుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే కొమ్మలు ఎండి చెట్టే చస్తుంది. అడవిలో ఇంత నాశనం లేదు. అక్కడ ఒక హెక్టారులో రెండు మూడు రబ్బరు చెట్లు ఉంటే గొప్ప. నడుమ వేరే చెట్లు గోడలా నిలుస్తాయి. తోటలో అదే హెక్టారుకు నాలుగు వందలకు పైగా నాటుతాము, కొమ్మకు కొమ్మ తగిలేటట్లు.

దీనిని హెన్రీ ఫోర్డు చాలా ఖర్చు పెట్టి తెలుసుకొన్నాడు. మోటారు బండ్లకు తన రబ్బరు తానే పండించుకోవాలని 1928లో తపజోస్ ఒడ్డునే, అంటే విక్‌హామ్ గింజలు ఏరుకొన్న నది ఒడ్డునే, ఫోర్డులాండియా అనే పట్టణం కట్టించాడు. చెట్లు పెరిగి తలలు కలవగానే తెగులు అందుకొన్నది. 1934లో కొంత దూరాన బెల్‌టెర్రాలో మళ్ళీ మొదలుపెట్టారు. పాలిచ్చే మాను మీద తెగులు తట్టుకొనే మరో చెట్టు తలను అంటు కట్టారు. వేరొకటి, మాను ఒకటి, తల ఒకటి! ఇంత చేసినా గిట్టుబాటు కాలేదు. రెండు కోట్ల డాలర్లు పోగొట్టుకొని, 1945లో సుమారు రెండున్నర లక్షలకు బ్రెజిల్ ప్రభుత్వానికి వదిలేశారు. అంతకు ముందే సురినామ్, బ్రిటిష్ గయానాలలోని రబ్బరు తోటలను కూడా ఈ తెగులే మూయించింది.

అలాగని ఇక్కడి తోటలకు జబ్బులు లేవనుకోరాదు. మా తాత చెప్పే తెల్ల వేరు తెగులు నేల కింద నడిచేది. అడవి కొట్టినపుడు వదిలేసిన మొద్దులలో ఉండి, వేరు నుండి వేరుకు ప్రాకేది. మొదలు చుట్టూ తవ్వి, తెల్లని దారాలు పట్టిన వేళ్ళను నరికి కాల్చేవారు. ఆకు రాలే నెలల్లో పాలు తగ్గేవి, కూలి తగ్గేది. ఆ తరువాత రాగి రంగు చిగుళ్ళు వస్తే, బూడిద తెగులు పట్టకుండా గంధకపు పొడి చల్లేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరూ తలలెత్తి చెట్ల వైపే చూసేవారు. చిగురు నిలిస్తే దుకాణం అప్పు తీరుతుంది. అమెజాన్ తెగులు పట్టేది సరిగ్గా ఆ రాగి రంగు చిగురునే!

1956లో ఆసియా, పసిఫిక్ దేశాలు మొక్కల రక్షణకు ఒప్పందం చేసుకొన్నపుడు ఈ ఒక్క తెగులు కోసమే ప్రత్యేక నిబంధనలు వ్రాసుకొన్నాయి. అది ఇప్పటికీ ఈ వైపు రాలేదు. కాని 2017 నుండి మలేషియాలో వేరొక ఆకు రాల్పు తెగులు కనిపిస్తున్నది. ముదురు ఆకుల మీద గుండ్రని మచ్చలు పడి, ఆకు పసుపై రాలిపోతుంది.

మేము పుట్టిన ఎస్టేటులో ఇప్పుడు రబ్బరు లేదు, అంతా నూనె తాటి. దానికీ మొదలు కుళ్ళు తెగులు ఉన్నది. రాములవారి గుడి వెనుక మాత్రం నాలుగు పాత రబ్బరు చెట్లు మిగిలాయి. గీతలు మానిపోయి మచ్చలుగా ఉన్నాయి. మొన్న శ్రీరామనవమికి పోయినపుడు ఆకు రాలి, కొత్త చిగురు వేస్తున్నాయి.