రాస్లిన్ చాపెల్

రాస్లిన్ చాపెల్ స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు దక్షిణంగా సుమారు 11 కిలోమీటర్ల దూరాన, రాస్లిన్ గ్రామం అంచున, నార్త్ ఎస్క్ నది లోయ పైగట్టున ఉన్న ప్రార్థనాలయం. ఓర్క్నీ ప్రభువు సర్ విలియం సెయింట్ క్లెయిర్ 1446లో సువార్తికుడు మత్తయి పేరిట దీన్ని స్థాపించాడు. తన వంశం కోసం నిత్యం ప్రార్థనలు జరగాలని ఒక పెద్ద గురువును, ఆరుగురు గురువులను, ఇద్దరు గాయక బాలురను నియమించేలా ఏర్పాటు చేశాడు.

నిర్మాణ విశేషాలు ఎక్కువగా ఆ వంశ చరిత్రను 1700 ప్రాంతంలో రాసిన ఫాదర్ రిచర్డ్ ఆగస్టిన్ హే గ్రంథం వల్లనే తెలుస్తున్నాయి. ప్రతి నమూనానూ ముందు చెక్క పలకలపై గీయించి, ప్రభువు ఒప్పుకున్నాకే రాతిలో చెక్కించేవారట. ప్రధాన శిల్పికి ఏడాదికి 40 పౌండ్లు, మిగిలిన శిల్పులకు తలా 10 పౌండ్లు ముట్టేవి. పనివారు కాపురముండడానికి ఇళ్లు కట్టించారు. 1456లో రాజు రెండవ జేమ్స్ రాస్లిన్‌కు పట్టణ హోదా ఇచ్చాడు.

తలపెట్టింది శిలువ ఆకారపు పెద్ద చర్చి. పూర్తయింది దాని తూర్పు భాగం మాత్రమే. విలియం 1484లో మరణించాడు. కొడుకు ఆలివర్ పైకప్పు వేయించి అంతటితో ఆపాడు. పడమటి భాగానికి వేసిన పునాదులు 19వ శతాబ్దంలో బయటపడ్డాయి.

కట్టడమంతా ఇసుకరాయి. పైకప్పు కూడా రాతి కమానే. దాన్ని అయిదు భాగాలుగా విడదీసి నక్షత్రాలు, గులాబీలు, లిల్లీలు చెక్కారు. లోపలి 14 స్తంభాలలో ‘శిష్యుని స్తంభం’ అసాధారణమైన పనితనం గలది. పీఠం చుట్టూ ఎనిమిది డ్రాగన్లు, స్తంభాన్ని మెలికలుగా చుట్టుకుపోయిన లతలు ఇందులో కనిపిస్తాయి. దీన్ని చెక్కిన శిష్యుణ్ణి అసూయతో గురువే చంపాడన్న కథ తర్వాతి కాలంలో వ్యాపించింది. పాత రచనల్లో ఇది ‘రాకుమారుని స్తంభం’. నోటినుంచి ఆకులు వెలువడే ముఖాలు వందకు పైగా ఉన్నాయి.

ప్రొటెస్టంట్ సంస్కరణల కాలంలో మాన్యాలు పోయాయి. 1592లో బలిపీఠాలను పడగొట్టారు. 1650లో ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం గుర్రాలను లోపల కట్టేసింది. 1736లో కిటికీలకు అద్దాలు బిగించారు. 1842లో విక్టోరియా రాణి వచ్చి చూసింది. 1862లో ఆరాధన మళ్లీ మొదలైంది.

1950లలో శిల్పాలను కాపాడాలనే ఉద్దేశంతో వాటిపై సిమెంటు పూత పూశారు. పూత కింద తేమ చిక్కుకుపోయి రాయి దెబ్బతిన్నది. 1995లో ఏర్పడిన ట్రస్టు ఎంతో ఓర్పుతో మరమ్మతు చేపట్టింది. పైకప్పు ఆరడానికి 1997లో కట్టడం మీదుగా ఉక్కు పందిరి నిలబెట్టి, 2010లో తొలగించింది.

ఈ చాపెల్ కథలో చోటుచేసుకున్న, 2003లో వెలువడిన ‘ది డా విన్సీ కోడ్’ నవలతో సందర్శకులు ఎన్నో రెట్లు పెరిగారు. మధ్యయుగపు క్రైస్తవ సైనిక సంఘానికి చెందిన టెంప్లర్ యోధులతో ఈ కట్టడానికి సంబంధం అంటగట్టే కథలకు ఆధారం లేదు: వారి సంఘాన్ని పోపు 1312లోనే రద్దు చేశాడు. ప్రస్తుతం ఇక్కడ స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనలు జరుగుతున్నాయి.