మేడారం జాతరలో సెల్ఫీ

సెల్ఫీ మోజు స్మార్ట్‌ఫోనుతోనే పుట్టిందనడం సగమే నిజం. 1839లోనే ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తన బొమ్మ తానే తీసుకున్నాడు. మినోల్టా ఉద్యోగి హిరోషి ఉయెడా 1980ల్లోనే సెల్ఫీ కర్రలాంటిది తయారుచేస్తే కొన్నవాళ్లు తక్కువ. కోరిక పాతదే, చేతికందడమే ఆలస్యమైంది. మేడారం ఉన్న ఏటూరునాగారం అడవుల వైపు నుంచి చూస్తే ఈ ఆలస్యం విలువ తెలుస్తుంది. 1940ల్లో నిజాం రాజ్యంలోని ఆదివాసుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండులను, కొండరెడ్లను ఫొటోలు తీశాడు. అవి అమూల్యమైనవి. అయినా ఏ క్షణాన్ని పట్టాలో, ఏ బొమ్మను దాచాలో తేల్చింది కెమెరా పట్టినవాడే. ఇవాళ రెండేళ్లకోసారి మాఘంలో జరిగే మేడారం జాతరలో, జంపన్నవాగు ఒడ్డున, కోయ యువతి ఫోను తిప్పి స్నేహితురాళ్లను ఫ్రేములోకి లాక్కుంటే ఆ తీర్పు ఆమెది. మూతి ముడిచినా, నాలుక చాపినా ఆమె ఇష్టమే. ఎంత ముచ్చటైన మార్పు!

దీనివల్ల భక్తి పలచబడుతోందని కొందరి బాధ. కానీ సెల్‌ఫోను రాకముందూ మన జాతరల్లో రంగుల తెర ముందు, అట్ట విమానంలో కూర్చుని ఫొటో దిగేవాళ్లు. ఆ సరదా మొక్కులకు అడ్డురాలేదు. మేడారంలో అమ్మవార్లకు ‘బంగారం’గా బెల్లం తూచి ఇచ్చే చేతులే ఆ తర్వాత ఫోనెత్తుతున్నాయి. ప్రమాదం మాటేమిటంటారా, అది కాదనలేని అభ్యంతరం. వానాకాలం వాజేడు దగ్గర బొగత జలపాతం ఉరకలెత్తుతుంటే, తడి బండ అంచున వెనక్కి అడుగేయడం ఎంత మంచి ఫొటోకైనా తగని మూల్యం. అక్కడ కంచె ఇవతలి నుంచి తీసినా నీళ్లు నిండుగానే కనిపిస్తాయి.