సామెతల గ్రంథము – కడప సీమలో వివేకము, అవివేకము

హెబ్రీ భాషలో ‘మిష్లే’ అను పేరుగల గ్రంథమునకు తెలుగు అనువాదకులు ‘సామెతలు’ అని పేరిడిరి. నీతిశాస్త్రమనియో, సుభాషితములనియో సంస్కృతనామ మిడుటకు వారికి అడ్డేమియు లేదు. అయినను అవ్వ నోటను, కళ్లములోను, సంతలోను వినబడు మాటనే వారెన్నుకొనిరి. అది మేలైన యెన్నిక యని నా తలంపు.

లండను మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణమున కాలూనిరి. వారి అనువాదమునకు ఆనందరాయరు అను బ్రాహ్మణుడు తోడ్పడెను. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. ఆ సంఘమువారే 1822లో కడపలో పని ప్రారంభించిరి. ఆ శతాబ్ది మధ్యకాలమునకు బైబిలు సంపూర్ణముగా తెలుగున లభించెను. తరువాత జమ్మలమడుగు వారికి ముఖ్యస్థానమై, అచటి క్యాంబెల్ ఆసుపత్రి వలన మండలమంతట పేరొందెను.

ఈ సీమలో ఆ గ్రంథమును చేపట్టినవారిలో హెచ్చుమంది మాలలు. ముతకబట్ట నేయుట, పరుల పొలములలో కూలిచేయుట వారి జీవనము. చదువు లేదను కారణముచేత ఊరు వారిని తెలివిలేనివారని యెంచెను. చదువుకొనుటకు వీలులేకుండ చేసినదియు ఆ యూరే! అట్టివారికి ఈ గ్రంథము చెప్పిన వివేకమెట్టిది? హెబ్రీలో ‘హొక్మా’ యనగా శాస్త్రపాండిత్యము మాత్రమే కాదు, చేతిపనిలోని నేర్పు కూడ. నిర్గమకాండములో గుడారపు పనివారిని వివేకవంతులనుటయేగాక, నూలు వడికిన స్త్రీలను సైతము వివేకహృదయము గలవారని చెప్పియున్నారు. జ్ఞానమనగానే వేదాంతమును తలంచు మనకు ఇది వింతగా దోచును. రాట్నము త్రిప్పు చేతికి జ్ఞానమను మాటను మన పండితులలో ఎందరు వాడిరి?

ఇక అవివేకి యెవడు? లూకా సువార్తలో ‘వెఱ్ఱివాడా’ యని పిలువబడినవాడు నిరక్షరుడు కాడు. పంట సమృద్ధిగా పండగా పాతకొట్లు విప్పి పెద్దకొట్లు కట్టదలచిన భూస్వామి. ఇల్లు కట్టిన యిరువురి కథయు ఆ సువార్తలో నున్నది. ఒకడు లోతుగా త్రవ్వి బండమీద పునాది వేసెను. వేరొకడు పునాది లేకయే నేలమీద కట్టెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో ఇల్లు కట్టినవారికి దీనికి వ్యాఖ్యానమక్కరలేదు. వేసవిలో నెఱ్ఱెలిచ్చి, వానకు ఉబ్బు నేల యది. గట్టి తగులువరకు త్రవ్వనివాని గోడ ఎన్నినాళ్లు నిలుచునో ఆ యూళ్ల మేస్త్రీలకు తెలియును.

చీమను చూచి సోమరి బుద్ధి తెచ్చుకొనవలెనను బోధ ఒకటి కలదు. పులివెందుల వంటి వానకొరత సీమలో దీనిని జాగ్రత్తగా బోధింపవలెను. 1876–78 నాటి ధాత కరవు కడప మండలమును క్రూరముగా పీడించెను. కూడబెట్టుటకు గింజయే లేని కూలివానితో ‘చీమవలె ఏల దాచుకొనలేదు?’ అనుట బోధ కాదు, పరిహాసము. ఆ గ్రంథమే మరియొకచోట, పేదవాని బీడు విస్తారముగా పండినను అన్యాయము ఆ పంటను హరించునని యొప్పుకొనుచున్నది. ప్రసంగములలో చీమకున్న ప్రచారము ఈ మాటకు కలుగకపోవుట విచారకరము. బిడ్డలను బెత్తముతో దిద్దుమను సలహాను మాత్రము మనము విడిచిపెట్టవచ్చును.

ఇట్టి కొలత ఈ సీమకు క్రొత్తది కాదు. వేమన కట్టెను గల కదిరి తాలూకా పూర్వము కడప మండలములోనిదే. 1820లో కడపకు ఉద్యోగమునకై వచ్చిన బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. వేమనయు మూర్ఖుని చదువునుబట్టి గాక నడతనుబట్టియే గుర్తించెను. అందుచేతనే కాబోలు, సామెతలు ఇచటివారి చెవికి పరాయిమాటలుగా తోచలేదు.

ఒక్క విషయమున మాత్రము హెబ్రీ గ్రంథము మన శతకములకు దూరముగా నిలుచును. అందు జ్ఞానము స్త్రీ. ఆమె వీథులలో నిలిచి, ఊరిగవిని కడ కేకవేసి పురుషులకు బుద్ధి చెప్పును. మూఢత్వమును స్త్రీయే, తన వాకిట కూర్చుండి దారినపోవువారిని పిలుచును. గ్రంథాంతమునందలి గృహిణి ఉన్ని వెదకి వడుకును, నారబట్టలు నేయించి వర్తకుల కమ్మును, పొలము చూచి తానే కొనును. ఆమె పనులను గవినియొద్ద కొనియాడవలెనని గ్రంథము ముగియుచున్నది. పెద్దలు కూడి తీర్పులు చెప్పు ఆ గవిని మన యూళ్లలో రచ్చబండ. ఆ బండమీద నూలు వడికినవారి పేరు ఎన్నడైన వినబడినదా యని జమ్మలమడుగు ముసలమ్మల నడిగి చూడుడు.