రాజీనామాయా, బర్తరఫా?

కలకత్తా మహానగరమున ఖిదిర్‌పూరునకును మోమిన్‌పూరునకును చేరువనున్న పేట ఏక్‌బాల్‌పూరు. అచ్చటినుండి పడమటికి సాగి, ఖిదిర్‌పూరు రేవు వంతెన దాటినచో గంగయొడ్డున గార్డెన్‌రీచి కన్పట్టును. ఆ దారికి పూర్వనామము సర్క్యులర్ గార్డెన్‌రీచి రోడ్డు. నేడది కార్ల్ మార్క్స్ సరణి. పేరు మార్చినవారు ఎరిగి మార్చిరో ఎరుగక మార్చిరో గాని, పేరు దారికి తగియే యున్నది. ఏలయన, గార్డెన్‌రీచిలోని బెంగాలు నాగపూరు రైల్వే ప్రధాన కార్యాలయము నుండి వెలువడిన ఉత్తరువులే విజయనగరము, వాల్తేరు, ఖరగ్‌పూరు మున్నగు చోట్ల వేలకొలది తెలుగు కుటుంబముల పొయ్యి వెలుగుటయో ఆరుటయో నిర్ణయించుచు వచ్చినవి.

ఈ గార్డెన్‌రీచికే 1856లో అయోధ్య నవాబు వాజిద్ అలీ షా వచ్చి బస చేసెను. రాజ్యమును తానుగా వదలుకొన్నట్లు ఒడంబడికపై సంతకము చేయుమని కంపెనీ దొరలు కాగితము ముందుంచిరి. నవాబు తలపాగా తీసి రెసిడెంటు చేతికిచ్చెనే గాని సంతకము చేయలేదు. రాజ్యము ఎట్లును పోయినది. కాని పోయినది కంపెనీ చేతనేగాని తన చేవ్రాలుచేత కాదు. తరువాతి కాలమున అదే యొడ్డున చిన్న గుమాస్తాలకు ఎదురైన ప్రశ్న కూడ ఇదియే. “నీవై వ్రాసియిత్తువా, మేము తీసివేయవలెనా?”

బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తూర్పుతీరపు రైలుమార్గములో కటకమునుండి వాల్తేరు వరకు గల ఉత్తరభాగము 1902లో దాని వశమైనది. అది మొదలు గంజాము, విశాఖపట్టణ మండలములవారికి కలకత్తా పరదేశము గాక ‘కంపెనీ ఊరు’ అయినది. ఫైర్‌మెన్, ఫిట్టర్లు, గార్డులు, గుమాస్తాలు బండ్లెక్కి ఉత్తరమునకు పోయిరి. ఖరగ్‌పూరు కార్ఖానా చుట్టును తెలుగు వీథులే వెలసినవి. అయితే వీరి కొలువు కాగితమున నెల దినముల నోటీసుపై ఆధారపడిన కొలువు. ముప్పదియేండ్లు పనిచేసినవానిని సైతము ముప్పది దినములలో పంపివేయుటకు అందు వీలుండెను.

అట్టివాడు సంఘమునకు కార్యదర్శియై పై అధికారికి కోర్కెల పత్రము అందించుట యన్న, తన కొలువును తానే పళ్లెమున పెట్టి అందించుటతో సమానము. అందుచేతనే తొలినాటి రైల్వే సంఘములు బయటివారిని నాయకులుగా ఎన్నుకొనెను. 1926 నాటి కార్మికసంఘముల చట్టమును దీనికి చోటిచ్చినది. కార్యవర్గములో సగమువరకు ఆ పరిశ్రమలో పనిచేయనివారు ఉండుటకు ఆనాడు అందు వీలుండెను. బయటివారు రాజకీయముకొరకే వచ్చిరని దొరలు పలుమారులు ఆక్షేపించిరి. ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కాని లోపలివాడు నోరు విప్పిన మరునాడు వానికి బర్తరఫు తాఖీదు పంపగల యజమాని, బయటివాడు వచ్చెనని వగచుట విడ్డూరము.

అట్లు వచ్చినవారిలో అగ్రగణ్యుడు బరంపురపు న్యాయవాది వరాహగిరి వేంకటగిరి. 1894లో జన్మించి, ఐర్లండున న్యాయశాస్త్రము చదివి, అక్కడి జాతీయవాదులతో సంబంధముచేత 1916లో ఆ దేశము విడువవలసివచ్చి తిరిగివచ్చినవాడు. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికసంఘమునకు ప్రధానకార్యదర్శియై, 1927లో ఖరగ్‌పూరు కార్ఖానాలో పనివారిని పెద్దసంఖ్యలో తగ్గింప తలపెట్టినపుడు జరిగిన సమ్మెను అహింసామార్గమున నడిపించెను. గిరిని తీసివేయుటకు కంపెనీకి అధికారము లేదు; ఆయన దాని జీతగాడు కాడు. ఆయన బలమంతయు అందే యుండెను. ఆయన వెనుక నిలిచినవారికి మాత్రము ఆ కవచము లేదు.

1944 అక్టోబరులో ఆ రైల్వేను ప్రభుత్వము తీసికొనెను. కంపెనీ సేవకులు రాజసేవకులైరి. రాజ్యాంగము వచ్చినపిమ్మట యూనియను సేవకులైరి. ‘యూనియను’ అను మాట ఇచ్చట రెండు ముఖములది. కార్మికసంఘమును యూనియనే, కేంద్రప్రభుత్వమును రాజ్యాంగపు భాషలో యూనియనే. ఒక యూనియనులో చేరినందున మరియొక యూనియను కొలువు పోయినవారి కథ యిక్కడనుండి మొదలగును.

1949 మార్చి 9న రైల్వే సమ్మె చేయవలెనని కమ్యూనిస్టు పక్షము పిలుపునిచ్చెను. సమ్మె సాగలేదు. ఆ సంవత్సరమే జాతీయభద్రతా పరిరక్షణ నియమములను రైల్వే ఉద్యోగులకు ప్రభుత్వము విధించినది. విధ్వంసక కార్యములలో పాల్గొన్నవాడని అనుమానము గలిగినవానికి తాఖీదు పంపి, సంజాయిషీ తీసికొని, నోటీసుపై కొలువు ముగింపవచ్చును. ఇట్లు ఉద్యోగములు పోగొట్టుకొన్న కొందరు నాగపూరు ఉన్నతన్యాయస్థానము తలుపు తట్టిరి. అక్కడ ఓడి సుప్రీముకోర్టునకు పోయిరి. 1957 డిసెంబరులో తీర్పు వచ్చెను. న్యాయశాస్త్ర గ్రంథములలో అది నేటికిని బాలకోటయ్య కేసు అనియే ప్రసిద్ధము.

ఆ కేసులోని వాదము గమనింపదగినది. రాజ్యాంగపు 311వ అధికరణము ప్రకారము ఉద్యోగిని బర్తరఫు చేయవలెనన్నను, తొలగింపవలెనన్నను, అతనికి ఆరోపణ తెలిపి సమాధానము చెప్పుకొను అవకాశ మొసగవలెను. తమకట్లు తగిన అవకాశము దొరకలేదనియు, సంఘము పెట్టుకొను ప్రాథమికహక్కునకు భంగము కలిగినదనియు ఉద్యోగుల వాదము. న్యాయస్థానము రెండింటిని త్రోసివేసెను. నియమము ప్రకారము నోటీసు జీతమిచ్చి, అదివరకు ఆర్జించిన లాభములు చెడకుండ ముగించిన కొలువు శిక్ష కాదు గనుక 311వ అధికరణము వర్తింపదనెను. సంఘమున చేరుటకు హక్కు గలదు, దానితోపాటు సర్కారు కొలువు నిలుపుకొను హక్కు మాత్రము లేదని తేల్చెను. తర్కము నిర్దుష్టముగానే కన్పించును. కాని ఇల్లు గడుపుకొనువాని గుమ్మమున నిలిచి చూచినపుడు ఆ రెండు హక్కులను వేరుచేసి చూచుట సులభము కాదు. మరి యారేండ్లకు, 1963 డిసెంబరులో, మోతీరాం డేకా కేసున ఏడుగురు న్యాయాధీశులు కూర్చుండి, ఖాయమైన రైల్వే ఉద్యోగిని ఉత్త నోటీసుతో పంపివేయు నియమము చెల్లదనిరి. అప్పటికి కొలువులు పోయినవారెందరో వయసు మళ్లినవారు.

ఇట్టి తాఖీదు రాబోవుచున్నదని తెలిసినపుడు, “ఎందుకు నాయనా అపకీర్తి, ముందుగానే రాజీనామా పడవేయుము” అని హితవు చెప్పు పెద్దలు ప్రతి కార్యాలయమునను ఉందురు. పరువునకు అది మేలుగా తోచును. కాని సర్కారు నిబంధనలు చూచినచో లెక్క తలక్రిందులగును. పాత సివిల్ సర్వీసు రెగ్యులేషన్ల 418వ నిబంధన రాజీనామాను, బర్తరఫును, తొలగింపును ఒకే వాక్యమున చేర్చి, మూటికిని ఫలము గడచిన సేవను కోల్పోవుటయే యనినది. 1972 నాటి పింఛను నియమములును ఆ మార్గమునే అనుసరించినవి. పైగా ఒక విశేషము. బర్తరఫయినవానికి, తొలగింపబడినవానికి, దయతలచినచో అధికారి పింఛనులో మూడింట రెండువంతులకు మించకుండ కారుణ్యభత్యము మంజూరు చేయవచ్చును. రాజీనామా చేసినవానికి ఆ వాకిలి కూడ లేదు. తప్పుచేసినవాడని ముద్రపడినవానికి దొరకగల గంజినీళ్లు, గౌరవముగా తప్పుకొన్నవానికి దొరకవు! 2004 జనవరి 1 తరువాత చేరిన పౌరోద్యోగులకు కొత్త పింఛను పద్ధతి వచ్చుటచే వారి లెక్క వేరు.

బర్తరఫునకు మరియొక ముల్లు గలదు; సామాన్యముగా మరల సర్కారు కొలువు దొరకదు. తొలగింపునకు ఆ నిషేధము లేదు. అయినను బర్తరఫునకు ముందు ఆరోపణపత్రము, విచారణ, తరువాత అప్పీలు, ఆపైన న్యాయస్థానము ఉండును. ఏమి తప్పు చేసితినని అడుగు హక్కు అతనికి మిగులును. రాజీనామాలో ఆ ప్రశ్నయే పుట్టదు. అధికారి అంగీకరించులోపల దానిని వెనుకకు తీసికొనవచ్చును. అంగీకరించినపిమ్మట సామాన్యముగా అది యంతటితో సరి. అందుచేత తాఖీదు వచ్చువరకు కుర్చీ వదలని గుమాస్తాను పిరికివాడనుట అన్యాయము. అతడు నిరీక్షించినది జీతమునకు మాత్రమే కాదు, తన మాట ఎవడైన వినునేమో యని కూడ.

రాజీనామా వన్నె తెచ్చిన సందర్భము లేకపోలేదు. ఆ కథానాయకుడును గిరియే. 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రమున కార్మికమంత్రి అయ్యెను. న్యాయమూర్తుల తీర్పులకంటె యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుటయే మేలని ఆయన విశ్వాసము. ఆయన కాలముననే బ్యాంకు ఉద్యోగుల వివాదముపై శాస్త్రి ట్రిబ్యునలు 1953లో అవార్డు నిచ్చెను. దానిపై 1954లో కార్మిక అప్పీలు ట్రిబ్యునలు నిర్ణయము వెలువడెను. ఆ ఆగస్టులో మంత్రివర్గము ఆ నిర్ణయములోని కొన్ని అంశములను ఉద్యోగులకు ప్రతికూలముగా సవరించెను. ట్రిబ్యునళ్లపై అంత ప్రీతి లేని మంత్రి ఆ ట్రిబ్యునలు మాట నిలువలేదని పదవి విడుచుట చూచువారికి వింత. వింత కాదు. తీర్పునకు కట్టుబడుడని ఇరుపక్షములకు చెప్పిన ప్రభుత్వమే తీర్పును దిద్దినచో, ఇక కార్మికునితో ఏ ముఖముతో మాటలాడగలము? మంత్రివర్గమునకు సమష్టిబాధ్యత గలదు గనుక, అందుండినచో ఆ సవరణ తనదియు కావలెను. 1954 సెప్టెంబరులో ఆయన మంత్రివర్గమునుండి తప్పుకొనెను. తరువాత ప్రభుత్వము నియమించిన కమిషను, గజేంద్రగడ్కరు అధ్యక్షతన, 1955లో నివేదిక సమర్పించెను. దాని ప్రకారము ఆ యేడే చట్టమును వచ్చెను.

అయితే గిరి మంత్రిపదవి విడిచినను లోక్‌సభ సభ్యత్వము నిలిచియే యున్నది. 1957లో ఉత్తరప్రదేశ్ గవర్నరు పదవి దొరకినది. ఆయన త్యాగమును ఇది తగ్గింపదు. కాని ఆయన ఉదాహరణమును చూపి గార్డెన్‌రీచి గుమాస్తాను రాజీనామాకు పురికొల్పుట తగదు. గుమాస్తా దిగి నిలుచుటకు క్రింద మరియొక మెట్టు లేదు.

1974 మే 8న దేశమంతట రైల్వే సమ్మె ఆరంభమై ఇరువది దినములు సాగినది. దానికి ముందు నిలిచిన అఖిలభారత రైల్వేమెన్ సమాఖ్య, గిరి చేతులమీద పుట్టినదే. గార్డెన్‌రీచి అప్పటికి ఆగ్నేయ రైల్వేకు ప్రధానస్థానము. వాల్తేరు డివిజను దాని క్రిందనే యుండెను. విచారణ సాధ్యము కాదను మినహాయింపు వాడి వేలమందిని ఉద్యోగములనుండి తొలగించిరి. యూనియను సేవకులు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతి ఇష్టానుసారము కొలువున నుండువారు. ఆనాడు రాష్ట్రపతి భవనమున నున్నది వరాహగిరి వేంకటగిరి. ఆగస్టు 24న ఆయన పదవీకాలము ముగిసెను. 1977లో జనతా ప్రభుత్వము వచ్చినపిమ్మట, ఆ సమ్మెలో తీసివేయబడినవారిని తిరిగి పనిలోనికి పిలిచిరి.