రిచర్డు, తానీషా, మధ్యలో మా పుస్తకాల గుంపు

మాదో చిన్న పుస్తకాల గుంపు. ఏడెనిమిది మందిమి. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు నుంచి వచ్చి హైదరాబాదులో కీబోర్డులు అరగదీస్తున్నవాళ్లమే అందరం. నెలకో పుస్తకం చదవడం, ఓ ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరి ఉప్మా తింటూ దాని మీద పోట్లాడుకోవడం, ఇదీ మా కార్యక్రమం. ఈసారి ఇంగ్లండు రాజుల మీద ఏదైనా చారిత్రక నవల చదువుదామన్నారు. ఎంపిక చేసే పని నా నెత్తిన పడింది.

"మనకెందుకు గురూ ఆ ఇంగ్లీషు రాజుల గోల?" అన్నాడు పాల్వంచ మిత్రుడు.

ఎందుకేమిటి! 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువాళ్లకి అప్పగించాడు. అంటే గోదావరికి ఈ ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యం, ఆ ఒడ్డున భద్రాచలం విక్టోరియా రాణి రాజ్యం. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా మా ఒడ్డు లెక్కే వేరు. "మీ ముత్తాత నిజాం మనిషి, మా ముత్తాత లండన్ రాణి మనిషి. ఆ సింహాసనం సంగతులు అడిగే హక్కు నాకుంది" అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు :-)

సరే, అసలు విషయానికొద్దాం. నా ముందు మూడు పుస్తకాలున్నాయి.

మొదటిది ఫిలిప్పా గ్రెగరీ 2001లో రాసిన 'ది అదర్ బోలిన్ గర్ల్'. ఎనిమిదో హెన్రీ, ఆన్ బోలిన్, ఆమె అక్కచెల్లెళ్ల కథ. పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఇబ్బందల్లా ఒకటే. ఆన్‌కి 1536లో మరణశిక్ష వేసినప్పుడు సొంత సోదరుడితో సంబంధం అంటగట్టారు. ఆ ఆరోపణ కట్టుకథేనని ఎక్కువమంది చరిత్రకారుల మాట. నవల మాత్రం అది నిజమేనేమో అనిపించేలా నడుస్తుంది. ఐదొందల ఏళ్ల కింద తల తెగిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేదు కదా!

రెండోది హిలరీ మాంటెల్ 'వుల్ఫ్ హాల్'. 2009లో బుకర్ వచ్చింది. అదే హెన్రీ కొలువుని థామస్ క్రామ్‌వెల్ కళ్లలోంచి చూపిస్తుంది. గొప్ప పుస్తకం, కాదనను. కానీ ఆరొందల పేజీల పైమాట. రిలీజు నెలలో ఎవరు చదువుతారండీ?

మూడోది జోసెఫిన్ టే 1951లో రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్'. కాలు విరిగి ఆస్పత్రి మంచం మీదున్న ఓ పోలీసు అధికారి, ఏమీ తోచక, మూడో రిచర్డు కేసు తిరగదోడతాడు. 1483లో ఈ రిచర్డు అన్న కొడుకులు, పన్నెండేళ్ల వాడొకడు, తొమ్మిదేళ్ల వాడొకడు, లండన్ టవర్లో ఉండగా మాయమైపోయారు. చంపించింది బాబాయేనని లోకం మాట. మన అధికారిగారు మాత్రం "ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?" అని అడుగుతాడు. మనం బగ్గు వచ్చినప్పుడు లాగు ఫైళ్లు తిరగేస్తామే, అచ్చం అలా అన్నమాట. ముఖ్య సాక్షి థామస్ మోర్. తీరా చూస్తే 1485లో రిచర్డు యుద్ధంలో చనిపోయేనాటికి ఆయనకి ఏడేళ్లు! షేక్‌స్పియర్ నాటకం దాదాపు వందేళ్ల తర్వాతది. అప్పుడు ఏలుతున్నది రిచర్డుని ఓడించినవాడి మనవరాలు.

ఇది చదువుతుంటే నాకు మా ఊరి కథ గుర్తొచ్చింది. నేలకొండపల్లి గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, ఖజానా సొమ్ముతో గుడి కట్టాడు, గోల్కొండలో పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు, రామలక్ష్మణులు వచ్చి తానీషాకి ఆరు లక్షలు కట్టి విడిపించారు. ఇదంతా చిన్నప్పుడు నేను చరిత్రగానే నేర్చుకున్నాను. ఏ లాగు ఫైల్లోంచి నేర్చుకున్నాను? నాగయ్యగారి 1964 సినిమాలోంచి, తర్వాత 2006లో నాగార్జున సినిమాలోంచి! గోపన్న కీర్తనలే కాస్త దగ్గరి సాక్ష్యం. ఏ నగకి ఎన్ని వరహాలయ్యాయో రాముడికే లెక్కచెప్పి దెప్పిపొడిచిన మనిషాయన. అవీ నోటినుంచి నోటికి వచ్చినవే.

పోలిక చూడండి. రిచర్డు తన వంశంలో చివరి రాజు. తానీషా కూడా అంతే. ఔరంగజేబు 1687లో గోల్కొండ పట్టుకుని ఆయన్ని దౌలతాబాదు కోటలో పెట్టాడు, అక్కడే పోయాడు. గెలిచిన మొఘలుల చరిత్రకారులు ఆయన్ని విలాసపురుషుడిగా రాశారు. హిందీలో తానాషాహీ అంటే నియంతృత్వం; ఆ మాట ఈయన పేరునుంచే వచ్చిందని చాలామంది అంటారు. మరి మా భద్రాచలంలోనో? జైల్లో పెట్టినవాడే, అయినా భక్తుడికి దక్కని రామదర్శనం ఆయనకి దక్కిందని చెప్పుకుంటాం. ఆయన మొదలుపెట్టాడని చెప్పే ముత్యాల తలంబ్రాలు శ్రీరామనవమికి ఈనాటికీ ప్రభుత్వం తరఫున వస్తాయి. రాజు ఒక్కడే, లాగు రాసేవాడు మారితే మనిషే మారిపోతాడు.

అందుకే నా ఓటు మూడోదానికి. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, టే కూడా న్యాయమూర్తి కాదు, రిచర్డు తరఫు వకీలు. ఆమె తీర్పుని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. 2012లో లెస్టరు ఊళ్లో ఓ కార్ పార్కింగు కింద రిచర్డు ఎముకలు దొరికాయి. వెన్ను వంకర నిజమే, ఎండిపోయిన చెయ్యి మాత్రం కల్పన అని తేలింది. పిల్లల్ని ఎవరు చంపారో ఎముకలు చెప్పవుగా! కాబట్టి రిచర్డే దోషి అని వాదించే ఆలిసన్ వేర్ 'ది ప్రిన్సెస్ ఇన్ ద టవర్' కూడా పక్కన పెట్టుకుని చదువుదామన్నాను. నవల ఒకటి, ఎదురువాదన ఒకటి. చారిత్రక నవల ఎప్పుడు చదివినా ఇదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

అందరూ సరేనన్నారు. చర్ల అడవుల వైపు నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం ఒక ప్రశ్న వేసింది. "అన్నా, గోపన్నకి కీర్తనలున్నాయి, తానీషాకి సినిమాలున్నాయి. అడవిలో ఆ విగ్రహాలు మొదట కనుక్కుంది పోకల దమ్మక్క అంటారు కదా, మరి ఆమె లాగు ఎక్కడుంది?"

ఉప్మా ప్లేటు పట్టుకుని అలాగే ఉండిపోయాను. స్థలపురాణంలో మొదటి సీన్లో వచ్చి వెళ్లిపోతుందావిడ. అక్కడితో సరి.

వచ్చే నెల పుస్తకం ఎంచే పని ఆ అమ్మాయికే అప్పగించాం.