నలభై దాటిన మహిళలు బలం పెంచే వ్యాయామాలు మానేయకుండా కొనసాగించేదెలా?

మోకాళ్ల నొప్పితో నమాజ్‌కు కుర్చీ వేసుకునే అమ్మీలు, దస్తర్‌ఖాన్ దగ్గర కింద కూర్చుంటే గోడో మంచమో పట్టుకోకుండా లేవలేని ఖాలాలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. అడిగితే "వయసైపోయింది బేటా" అంటారు. చూస్తే వాళ్ల వయసు 45, 50 కూడా దాటదు. కీళ్ల అరుగుదలతో పాటు, ఏళ్ల తరబడి సరిగా వాడని తొడ కండరాలు బలహీనపడటం కూడా దీనికి పెద్ద కారణం. అరిగిన కీలును మళ్లీ కొత్తది చేయలేం. కండకు మాత్రం ఏ వయసులోనైనా బలం తిరిగి తెచ్చుకోవచ్చు.

చాలామంది మొదలుపెడతారు కూడా. రెండు మూడు వారాలు చేసి వదిలేస్తారు. అలా ఎందుకు జరుగుతుంది, జరగకుండా ఏం చేయాలి, ఇంట్లోవాళ్లు ఎలా సాయపడాలి అనేదే ఈ వ్యాసం.

కండ ఎప్పటి నుంచి తగ్గుతుంది?

30 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని వైద్య శాస్త్రం అంచనా. 60 దాటాక ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మన దేశంలో మహిళలకు సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయి ఎముకలు కూడా పలచబడతాయి. తర్వాతి 5 నుంచి 7 ఏళ్లలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గే అవకాశం ఉంది. కండ లేక తూలిపడి, ఎముక పలచబడి తుంటి విరిగితే మనిషి మంచానికి పరిమితమయ్యే ప్రమాదం ఉంటుంది. పైగా మనం తిన్న అన్నం, రొట్టె నుంచి వచ్చే చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు కండబలం మరీ అవసరం.

పెద్దవాళ్లంతా వారానికి కనీసం 2 రోజులు ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నింటికీ పని చెప్పే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నడక దీనికి అదనం. మన దేశంలో 57 శాతం మహిళలకు సరిపడా శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మగవాళ్లలో ఇది 42 శాతం.

"ఇంటి పనంతా చేస్తూనే ఉన్నాం కదా!"

ఇది ప్రతి ఇంట్లో వినిపించే మాటే. ఇంటి పని శ్రమే, అందులో అనుమానం లేదు. అయితే ఇరవై ఏళ్లుగా అదే బకెట్టు, అదే గిన్నెలు, అదే చీపురు. ఒళ్లు ఆ బరువుకు ఎప్పుడో అలవాటుపడిపోయింది. కండ పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ ఉండాలి. నడక గుండెకు మంచిది గానీ చేతులకు, వీపుకు దానివల్ల బలం రాదు.

ఆలస్యమైపోయిందని బాధపడాల్సిన పనిలేదు. 1994లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమవాసులపై చేసిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వాళ్ల సగటు వయసు 87. 10 వారాలు బరువులతో వ్యాయామం చేయించాక వాళ్ల కండబలం రెట్టింపు కన్నా పెరిగింది. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన, 58 దాటిన మహిళలతో వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున 8 నెలలు బరువులు ఎత్తించారు. వాళ్ల నడుము ఎముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. అది శిక్షకుల కళ్ల ముందు జరిగిన వ్యాయామం. ఇంట్లో ఒంటరిగా పెద్ద బరువులు ఎత్తమని దాని అర్థం కాదు.

ఎందుకు మానేస్తారు?

మొదటి రోజే ఎక్కువ చేయడం: ఉత్సాహంలో గంట సేపు చేస్తారు. 24 నుంచి 72 గంటల్లో ఒళ్లంతా పట్టేస్తుంది. "ఇది నాకు పడదు" అని ఆపేస్తారు. మొదటి రెండు వారాలు 10 నిమిషాలు మించకూడదు. "ఇంతేనా?" అనిపించే దగ్గరే ఆపాలి.

నొప్పంటే భయం: రెండు వైపులా సమానంగా, కండలో బరువుగా ఉండి రెండు మూడు రోజుల్లో తగ్గే నొప్పి మామూలే. కీలులో పొడిచినట్టు ఉండటం, వాపు రావడం, కాలికి తిమ్మిరి పాకడం మామూలు కాదు. ఈ తేడా ముందే చెబితే సగం భయం పోతుంది.

బరువు తూచే మిషన్ చూసి నిరాశపడటం: మొదటి వారాల్లో ఒంటి బరువు తగ్గకపోవచ్చు. బలం మాత్రం పెరుగుతుంది. ఎందుకంటే ఉన్న కండను బాగా వాడుకోవడం నరాలు ముందు నేర్చుకుంటాయి. కండ పెరగడం ఆ తర్వాత. అందుకే కిలోలు కాకుండా పనిని కొలవాలి. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో నెలకోసారి రాసుకోండి.

చోటు, బిడియం: మగవాళ్లుండే జిమ్‌కు వెళ్లడం చాలామందికి ఇష్టముండదు. వెళ్లాల్సిన పని కూడా లేదు. తలుపు వేసుకున్న గది, గోడ, గట్టి కుర్చీ చాలు. వదులుగా ఉండే సల్వార్ కమీజ్ సరిపోతుంది. దుపట్టా కాళ్లకు అడ్డం పడకుండా చూసుకుంటే చాలు.

మధ్యలో తెగిపోవడం: ఇంట్లో షాదీ, చుట్టాలు, జ్వరం, రంజాన్. వారం ఆగుతుంది, మళ్లీ మొదలుకాదు. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే.

మొదటి 12 వారాలు ఇలా

1. కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవడం: తొడలకు.
2. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోయడం: ఛాతీ, చేతులకు.
3. పప్పు ప్యాకెట్లు వేసిన సంచిని, కాస్త ముందుకు వంగి నడుము వైపు లాగడం: వీపుకు.
4. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం: పిరుదులు, నడుముకు.
5. గోడ పట్టుకుని మడమలు లేపడం: పిక్కలకు, తూలకుండా నిలబడటానికి.

1, 2 వారాలు: మొదటి మూడే, ఒక్కొక్కటి 8 సార్లు, వారానికి 2 రోజులు. మధ్యలో కనీసం ఒక రోజు విరామం.

3 నుంచి 6 వారాలు: ఐదూ చేయాలి. 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు.

7 నుంచి 12 వారాలు: వరసగా రెండు రోజులు 12 సార్లు తేలిగ్గా చేయగలిగితే అర కిలో, కిలో పెంచండి. లీటరు నీళ్ల సీసా అంటే సుమారు కిలో బరువు. ఆపేటప్పుడు ఇంకో రెండు మూడు సార్లు చేయగలననిపించాలి.

ఊపిరి బిగబట్టకూడదు. లేచేటప్పుడు వదలాలి, దిగేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

అలవాటుగా మారాలంటే

"టైం దొరికితే చేస్తా" అంటే ఆ టైం ఎప్పటికీ దొరకదు. రోజూ తప్పకుండా చేసే ఏదో పనికి దీన్ని ముడిపెట్టాలి. సోమ, గురువారాల్లో అసర్ నమాజ్ అయ్యాక, చాయ్ పెట్టే ముందు అని పెట్టుకోవచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి ఒక రోజు పోతే తిట్టుకోకుండా తర్వాతి రోజు చేస్తే చాలు.

తోడు ఉంటే ఇంకా మంచిది. ఇద్దరు తోడికోడళ్లు, ఎదురింటి ఆపా, కాలేజీ నుంచి వచ్చిన కూతురు, ఎవరైనా సరే. వంటింటి క్యాలెండర్ మీద చేసిన రోజు గుర్తు పెట్టుకోండి.

రంజాన్‌లో పూర్తిగా ఆపకండి. వచ్చిన బలం నిలుపుకోవడానికి అది తెచ్చుకున్నంత శ్రమ అక్కర్లేదు. ఇఫ్తార్ అయిన గంటా రెండు గంటలకో, తరావీహ్ తర్వాతో ఒకే విడత చేయండి. ఆ నెలలో బరువు పెంచకండి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

వారానికి రెండు సార్లు, 20 నిమిషాలు ఆమెను పిలవకండి. అదే పెద్ద సాయం. ఆ టైంలో చాయ్ భర్తో కొడుకో పెట్టొచ్చు. "ఈ వయసులో ఇదేంటి" అని నవ్వకండి, "సన్నబడ్డావా?" అని అడగకండి. "ఈసారి ఎన్నిసార్లు లేచావు?" అని అడగండి.

తిండి సంగతి కూడా చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల మహిళకు ఇది సుమారు 46 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, కప్పు పప్పులో 6, 7 గ్రాములు, వండిన 100 గ్రాముల చికెన్‌లో 25 గ్రాముల దాకా ఉంటాయి. అందరికీ పెట్టి చివర్లో తినే ఆమెకు చాలా ఇళ్లలో మిగిలేది అన్నం, షోర్వానే. ముక్కలు ఆమెకు ముందే తీసిపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

ముందుగా డాక్టర్‌ను అడగాల్సినవాళ్లు

అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, ఈమధ్యే ఆపరేషన్, హెర్నియా, గర్భసంచి జారడం, షుగర్ వల్ల కంటి సమస్య, ఇదివరకే ఎముక విరిగినవాళ్లు అడిగాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే ఆపి వెంటనే చక్కెర తీసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు మూడు వారాలు ఆగిపోయాక మళ్లీ చేస్తుంటే ఆపిన చోటి నుంచి ఎత్తుకోకండి. సగం బరువుతో, ఒకే విడతతో మొదలుపెట్టండి. పోయిన బలం మొదటిసారి కన్నా త్వరగానే తిరిగొస్తుంది.